చాతం దీవియు, అండమాను ఆహారజాలమును

పోర్టుబ్లెయిరు రేవున హాడోతో వంతెనచే కలుపబడిన చాతం, 1789లో ఆర్చిబాల్డు బ్లెయిరు తొలి వలసను నెలకొల్పిన చోటుగా చరిత్రకెక్కినది. 1883లో అచట వెలసిన కోతమిల్లు పడౌకు, గర్జన మ్రాకులను దూలములుగా కోసి దూరదేశములకు సైతము పంపినది. మిల్లు చరిత్రమనగానే దుంగల లెక్క స్ఫురించుట సహజమే గాని, ఆ దుంగలు అడవిలోనే పడియుండినచో ఎవరి కడుపు నింపియుండెడివను ప్రశ్నయే నాకు ముఖ్యముగా తోచుచున్నది.

సూర్యరశ్మినుండి ఆకు కూడబెట్టిన శక్తియే కొయ్య. అడవిలో నేలకొరిగిన మ్రానును బూజులు, చెదలు తినును. చెదలను బల్లులు, కప్పలు, పక్షులు భుజించును. ఉప్పునీట తేలవేసిన దుంగకు భోక్త వేరు: నావలను తొలుచు టెరెడో. పురుగువలె గనుపించినను అది ఆల్చిప్పకు దాయాది. తలవద్దనున్న రెండు చిన్న చిప్పలతో కొయ్యను రాచి రాచి తొలుచుచు, మొప్పలలో నివసించు సూక్ష్మజీవుల సాయమున ఆ పొడిని జీర్ణించుకొనును. వెలుపల సూదిబెజ్జమంత రంధ్రము. లోపల వ్రేలు పట్టునంత సొరంగము.

ఒక ప్రాణి మరియొకదానికి ఆహారమగునని తొమ్మిదవ శతాబ్దిననే బస్రా పండితుడు అల్‌ జాహిజ్‌ వ్రాసెను. ఆ పరిశీలనకు శాస్త్రరూపము 1927లో ఎల్టను, 1935లో టాన్‌స్లీ అను జీవావరణ శాస్త్రజ్ఞుల రచనలవలన సమకూడినది. 1942లో లిండెమను ఒక చిన్న సరస్సును పరిశీలించి, మెట్టు మెట్టునకు శక్తి తరిగిపోవు తీరును గణించెను. తిన్నదానిలో అధికభాగము శ్వాసక్రియయందు వేడిమియై వ్యయమగును గనుక, పై మెట్టునకు చేరునది సుమారు పదవవంతని స్థూలముగా చెప్పుదురు. అదే 1942లో జపాను సేన అండమానును ఆక్రమించెను. ఆ ఏలుబడిలోనే ఆఫ్రికా నత్త ఈ దీవులకు వచ్చి, తోటల పచ్చదనమునకు క్రొత్త భక్షకమైనది.

అంతకంటె గాఢమైన మార్పు దుప్పులది. ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో ఆంగ్లేయులు తెచ్చి విడిచిన ఈ జింకలకు, పులియు చిరుతయు లేని దీవులలో పగవారు లేకపోయిరి. అడవిపందిని వేటాడు జారవా ఆదివాసులు సైతము జింకను వేటాడు ఆచారము గలవారు కారు. అవి మొలకలను, పొదలను మేసివేయగా, చిరుకొమ్మలపై వసించు బల్లుల సంఖ్య క్షీణించినదని ఇటీవలి పరిశోధన నిరూపించినది. దుంగలీడ్చిన ఏనుగులను ఇంటర్వ్యూ దీవిలో 1962లో వ్యాపారులు విడిచిపోగా, అవియు అడవికి తెచ్చిపెట్టిన భక్షకములే అయినవి.

మడ అడవి కథ మాత్రము ఊరట గలిగించునది. రాలిన ఆకు కుళ్లి రొయ్యపిల్లకు, రొయ్యపిల్ల చేపకు ఆహారమగును. శ్రీకాకుళతీరమునుండి వలసవచ్చిన తెలుగు జాలరుల వలలో పడు చేపలలో కొన్నింటి శక్తి ఆ బురదలోనిదే.

2002లో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో నరుకుడు మిక్కిలి తగ్గి, చాతం మిల్లుకు వచ్చు దుంగలును తగ్గినవి. కాని మొలకను దుప్పి మేయుచున్నంతవరకు, కూలిన మ్రాను స్థానమున నూతన మ్రాను లేచుట కష్టము. కావున దుప్పుల సంఖ్యను తగ్గించు పనియు అటవీశాఖ అంతే శ్రద్ధతో చేపట్టవలెను.