రైలు లేని వంతెన

హేవలాక్ వంతెన రాకముందు మద్రాసు–కలకత్తా రైలుమార్గం గోదావరి దగ్గర తెగిపోయి ఉండేది. ఒక ఒడ్డున రైలు దిగి, నది దాటి, అవతల మళ్ళీ రైలెక్కాలి. 1897లో పని మొదలైంది, 1900లో రైళ్ళు నడిచాయి. 56 స్పాన్లు, దాదాపు మూడు కిలోమీటర్లు. పేరు మాత్రం అప్పటి మద్రాసు గవర్నరుది. కట్టించిన ఇంజనీరు వాల్టన్ ఎవరికి గుర్తు? ఇక కూలీల సంగతి సరేసరి. (మా ప్రాజెక్టుల్లోనూ ఇదే వరస.)

1997లో ఈ వంతెనకి రిటైర్మెంట్ ఇచ్చేశారు. 2025లో శంకుస్థాపన జరిగిన అఖండ గోదావరి ప్రాజెక్టులో దీన్ని పర్యాటక కేంద్రంగా మార్చే పని కూడా ఉంది. సంతోషమే. కానీ టూరిజం అనగానే మనవాళ్ళకి ఫుడ్ కోర్టు, సెల్ఫీ పాయింటు గుర్తొస్తాయి. అక్కడ చూడాల్సింది వంతెననే: ఆ గర్డర్లు, ఆ రివెట్లు, నీళ్ళలోకి దిగిన ఆ స్తంభాలు. నన్నడిగితే కనీసం సగం దూరం ఏమీ కట్టకుండా నడకకే వదిలేయాలి. టికెట్ డబ్బులు ముందు తుప్పు వదిలించి రంగు వేయడానికి పోవాలి, రంగురంగుల లైట్ల సంగతి తర్వాత. 2027 పుష్కరాలు దగ్గర పడుతున్నాయి. డెడ్‌లైన్ తరిమితే మొదట కోత పడేది టెస్టింగ్‌కే అని మా వృత్తిలో అందరికీ తెలుసు.

ఇంకొకటి, కొవ్వూరు వైపు నుంచి కూడా ఎక్కే దారి ఉండాలి. దీన్ని కట్టిందే రెండు ఒడ్లూ కలపడానికి కదా.