ప్రశ్నావళి తెలుగు, నివేదిక ఇంగ్లీషు: నిర్వహణశాస్త్ర ప్రాజెక్టుల చరిత్ర – గోరంట్ల సీమ

ఎం.బి.ఏ. పట్టా అందుకొనే ప్రతి విద్యార్థీ చదువు చివరి దశలో ఒక ప్రాజెక్టు నివేదికను సమర్పించాలి. గట్టి అట్ట, దానిమీద బంగారు అక్షరాలు, లోపల పర్యవేక్షకుని ధ్రువపత్రం, సంస్థ ఇచ్చిన ధ్రువపత్రం, ఇది తన స్వీయ రచనేనని విద్యార్థి చేసిన ప్రకటన ఉంటాయి. ఆ తరువాత సంస్థ పరిచయం, పరిశోధన పద్ధతి, దత్తాంశ విశ్లేషణ, ఫలితాలు, సూచనలు వరుసగా వస్తాయి. ఈ వరుస ఎక్కడ పుట్టిందో, ఎవరికోసం పుట్టిందో అడిగినవారు తక్కువ. దానికంటె తక్కువగా చర్చకు వచ్చిన విషయం మరొకటి ఉంది. తెలుగు నేలమీద జరిగిన ఈ ప్రాజెక్టులలో పెద్ద భాగం తెలుగులో విని ఇంగ్లీషులో రాసినవి. వినడానికీ రాయడానికీ మధ్య జరిగే అనువాదం నివేదికలోని ఏ అధ్యాయంలోనూ కనిపించదు. కరవు పీఠభూమిలోని గోరంట్ల వంటి చోట ఆ అనువాదంలో పోయేదేమిటో చూడాలంటే కొంత వెనక్కి వెళ్లాలి.

విద్యార్థిని క్షేత్రానికి పంపే అలవాటు మన ప్రాంతంలో నిర్వహణశాస్త్రం కంటె పాతది. మద్రాసు విశ్వవిద్యాలయానికి అర్థశాస్త్ర ఆచార్యుడుగా వచ్చిన గిల్బర్ట్ స్లేటర్ 1916 ప్రాంతంలో తన విద్యార్థుల చేతికి ఒక ప్రశ్నావళినిచ్చి, సెలవులలో పల్లెలను పరిశీలించి రమ్మన్నాడు. వారు తెచ్చిన వివరాలు 1918లో ‘సమ్ సౌత్ ఇండియన్ విలేజెస్’ అనే గ్రంథంగా వెలువడ్డాయి. అప్పటికి అనంతపురం జిల్లా కూడా మద్రాసు రాజధానిలోనిదే. ప్రశ్నలు ఇంగ్లీషువి, సమాధానాలు పల్లె భాషవి, అచ్చయినది మళ్లీ ఇంగ్లీషు. తరువాత వచ్చినవారికి ఇదే ఒరవడి అయింది. అయితే స్లేటర్ శిష్యులలో చాలామందికి ఆ పల్లె స్వగ్రామం లేదా బాగా పరిచయమున్న ఊరు. మాట తెలిసినవాడే ప్రశ్న అడిగాడు. ఈ చిన్న విషయం ముందు ముందు పెద్దదవుతుంది.

స్వాతంత్ర్యానంతరం వచ్చిన నిర్వహణ విద్య మరో దారి తొక్కింది. 1953లో కలకత్తాలో సాంఘిక సంక్షేమ, వ్యాపార నిర్వహణ సంస్థ ఏర్పడింది. 1957లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఎం.బి.ఏ.ను ప్రారంభించింది. దేశంలోని తొలి పూర్తికాలపు కోర్సులలో అదొకటి. 1961లో కలకత్తా, అహమ్మదాబాదులలో ఐ.ఐ.ఎం.లు వచ్చాయి. వీటన్నిటి చూపూ పరిశ్రమల వైపే. విద్యార్థి వేసవిలో ఆరు నుంచి ఎనిమిది వారాలు ఒక కర్మాగారంలోనో బ్యాంకులోనో కూర్చొని నివేదిక రాసేవాడు. అక్కడి ఆస్తి అప్పుల పట్టికలు, ఉత్తరాలు, సిబ్బంది పత్రాలు అన్నీ ముందే ఇంగ్లీషులో ఉంటాయి. చదివే భాష, రాసే భాష ఒకటే గనుక అనువాద సమస్య తలెత్తలేదు. ‘సంస్థ పరిచయం’తో మొదలయ్యే నివేదిక చట్రం ఆ వాతావరణంలో రూపుదిద్దుకొన్నదే. కర్మాగారానికి కుట్టిన ఆ చొక్కాను తరువాత పల్లెకు తొడిగారు.

పల్లెకోసం వేరే కొలత తీసినవారు లేకపోలేదు. 1979లో వర్గీస్ కురియన్ చొరవతో ఆనంద్‌లో స్థాపితమైన గ్రామీణ నిర్వహణ సంస్థ, విద్యార్థులు పల్లెలో నివసించి చేసే క్షేత్రకార్యాన్ని పాఠ్యక్రమంలో విడదీయరాని భాగం చేసింది. సంస్థలో శిక్షణ వేరు, ఊరిలో నివాసం వేరు అన్న ఆ విభజనలో ఎంతో వివేకం ఉంది. మన విశ్వవిద్యాలయాల ఎం.బి.ఏ. శాఖలు దాన్ని పెద్దగా అందుకోలేదు.

గోరంట్ల చిత్రావతి పరీవాహకంలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. అంతకుముందు అది అనంతపురం జిల్లాలో భాగం. ఆ ఉమ్మడి జిల్లా సగటు వార్షిక వర్షపాతం దాదాపు 550 మిల్లీమీటర్లు. వర్షాధారపు వేరుశనగ, గొర్రెల మందలు, నీటి వసతి ఉన్నచోట మల్బరీ తోటలు, వాటిని నమ్ముకొన్న పట్టుపురుగుల పెంపకం, అమ్మకానికి హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టు, ఏదీ చాలనప్పుడు బెంగళూరు బస్సు. ఇదీ ఇక్కడి ఆర్థిక చిత్రం. 1968లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు స్నాతకోత్తర కేంద్రంగా మొదలై, 1981లో శ్రీ కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంగా మారిన అనంతపురం విద్యాకేంద్రం ఈ ప్రాంతపు పిల్లలకు ఉన్నత విద్యను చేరువ చేసింది. 1987 చట్టంతో అఖిల భారత సాంకేతిక విద్యామండలికి శాసన ప్రతిపత్తి వచ్చాక, ప్రైవేటు కళాశాలల విస్తరణతో ఎం.బి.ఏ. చిన్న పట్టణాలకూ పాకింది. చేరినవారందరికీ ప్రాజెక్టుకోసం కర్మాగారాలు కావాలి. కరవు సీమలో అవి ఎక్కడివి? కొందరు బెంగళూరు దారి పట్టారు. మిగిలినవారికి పల్లె, బ్యాంకు శాఖ, పొదుపు సంఘం దిక్కయ్యాయి.

పొదుపు సంఘాల మీద ప్రాజెక్టులు పెరగడానికి అనువైన నేపథ్యం చరిత్రలో ఉంది. 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరు జిల్లాలతో మొదలైన ‘వెలుగు’ పథకంలో అనంతపురం ఒకటి. పదేళ్లకు, 2010 అక్టోబరులో, సూక్ష్మరుణ సంస్థల వసూళ్లను అదుపు చేస్తూ రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. పల్లె మహిళ అప్పు జాతీయ స్థాయి చర్చకు వచ్చింది. ప్రాజెక్టు విద్యార్థికి ఇంతకంటె అందుబాటులో ఉన్న అంశం దొరకదు. అసలు చిక్కు కూడా ఇక్కడే మొదలవుతుంది.

వడ్డీ సంగతి చూడవచ్చు. ప్రశ్నావళి ‘వార్షిక వడ్డీ శాతం ఎంత’ అని అడుగుతుంది. పల్లెలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెబుతారు. ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే ఏడాదికి 24 శాతం. తెలియని విద్యార్థి గడిలో 2 అని రాస్తే, ప్రైవేటు అప్పు బ్యాంకు అప్పుకంటె చవక అని పట్టిక తేలుస్తుంది. తెలిసిన విద్యార్థి 24 అని రాస్తాడు. లెక్క సరిపోతుంది గానీ, అప్పు పుచ్చుకొన్న మనిషి దాన్ని నెలనెలా మోసే బరువుగా ఎంచిందన్న విషయం పట్టికలోకి రాదు. అది బారు వడ్డీయా చక్రవడ్డీయా అన్న ప్రశ్నకు గడే ఉండదు.

‘ముయ్యి’ ఇంకా గట్టి ఉదాహరణ. ఒక ఇంటివారు మరొకరి చేలో పనిచేసి, తమ పనికి వారిని పిలుచుకొనే బదులు శ్రమకు రాయలసీమలో వాడే మాట ఇది. సాగు ఖర్చు లెక్కించే పత్రంలో కూలి శ్రమ, కుటుంబ శ్రమ అని రెండే వరుసలుంటాయి. వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ వాడే ఏ2+ఎఫ్‌ఎల్ లెక్క కూడా చెల్లించిన ఖర్చుకు కుటుంబ శ్రమ విలువను కలుపుతుంది. ముయ్యికి డబ్బు చెల్లించరు కనుక అది కూలి కాదు. వచ్చినవారు పరాయివారు కనుక కుటుంబ శ్రమా కాదు. విద్యార్థి దాన్ని ఏదో ఒక వరుసలో వేస్తాడు, లేదా వదిలేస్తాడు. ఎటు చేసినా సాగు ఖర్చు మారిపోతుంది. కాని నివేదికలో ఆ మాట లేదు కాబట్టి ఖర్చు ఎందుకు మారిందో పరీక్షకునికి తెలిసే వీలు లేదు.

విత్తనం వేసే నిర్ణయం గురించిన ప్రశ్నలూ ఇంతే. రైతు కార్తెను, పదునును బట్టి చెబుతాడు. పత్రం తేదీని, మిల్లీమీటర్లను అడుగుతుంది. నేలలో విత్తనానికి సరిపడే తేమ అన్న అర్థంలో ‘పదును’ ఒక నిర్వహణ భావన. ఎప్పుడు పెట్టుబడి పెట్టాలి, ఎప్పుడు ఆగాలి అన్న తీర్పు అందులో ఉంది. దాన్ని ‘వర్షపాతం’ అని అనువదించిన చోట రైతు చేసిన నిర్ణయం కాస్తా ప్రకృతి సంఘటనగా మారిపోతుంది. 1932లో రెన్సిస్ లైకర్ట్ రూపొందించిన అయిదంచెల కొలమానానికీ ఇక్కడ ఇబ్బందే. ‘గట్టిగా అంగీకరిస్తాను’ మొదలు ‘గట్టిగా వ్యతిరేకిస్తాను’ వరకు ఉన్న మెట్లలో, వాన పడితే ఒకటి, పడకపోతే ఒకటి అనే షరతు జవాబుకు మెట్టు లేదు. అటువంటి జవాబులన్నీ ‘తటస్థం’లో పడతాయి. వర్షాధార సేద్యంలో షరతు పెట్టి మాట్లాడటాన్ని తటస్థత అనడం పొరపాటే కాదు, కొంత అన్యాయం కూడా.

ఈ లోపాలకు విద్యార్థిని నిందించడం తేలిక. కాని గోరంట్ల సీమ నుంచి వచ్చిన విద్యార్థికి ఈ మాటలన్నీ ఇంట్లో విన్నవే. స్లేటర్ శిష్యులకున్న అనుకూలత ఇతనికీ ఉంది. దాన్ని వాడుకొనే చోటు చట్రంలో లేదు. పైగా ఆ చట్రాన్ని గట్టిగా పరీక్షించేవారూ లేరు. గ్రంథచౌర్య నిరోధానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో తెచ్చిన నిబంధనలు 10 శాతం దాటిన పోలికను తప్పుగా ఎంచి, సిద్ధాంత వ్యాసాలకు అంచెలవారీ శిక్షలు పెట్టాయి. అవే నిబంధనలు తమ పరిధిలోకి వచ్చే రచనల నిర్వచనం నుంచి ప్రాజెక్టు నివేదికలను, అసైన్‌మెంట్లను మినహాయించాయి. పాత నివేదికలో ఊరిపేరు మార్చి కొత్త అట్ట వేసే అవకాశాన్ని ఈ మినహాయింపు మూయలేదు.

ఇటీవల పరిస్థితి రెండు వైపులా కదిలింది. పెనుకొండ మండలం ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం 2019 డిసెంబరు 5న లాంఛనంగా ప్రారంభమైంది. గోరంట్ల మండలం పాలసముద్రంలో జాతీయ కస్టమ్స్, పరోక్ష పన్నులు, మాదకద్రవ్యాల అకాడమీ 2024 జనవరి 16న ప్రారంభమైంది. కర్మాగారం కోసం ఊరు దాటనక్కరలేని రోజు ఒక విధంగా వచ్చినట్టే. రెండవ కదలిక డిగ్రీ స్థాయిలోది. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డిగ్రీ కోర్సులలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసి, అందులో సామాజిక సేవా ప్రాజెక్టును చేర్చింది. ఎం.బి.ఏ.లో చేరకముందే విద్యార్థి ఊరిని సర్వే చేయాలన్నమాట. ఆ మరుసటి ఏడాదే డిగ్రీ బోధన మొత్తం ఇంగ్లీషు మాధ్యమంలోకి మారింది. పల్లెకు వెళ్లమన్న విధానమూ, పల్లె మాటను తరగతి నుంచి పంపివేసిన విధానమూ ఏడాది తేడాలో ఒకే ప్రభుత్వం నుంచి వచ్చాయి.

తెలుగు శాఖలకు ఇందులో పని ఉంది. ప్రశ్నావళి తెలుగు పాఠాన్ని అనుబంధంగా జతచేయాలని, జవాబులోని పల్లె మాటను దాని అంకె పక్కనే ఉంచాలని, సారాంశం రెండు పుటలు తెలుగులో రాసి సర్వే జరిగిన ఊరి పంచాయతీకో పొదుపు సంఘానికో ఇవ్వాలని ఒక నియమం పెట్టడానికి కొత్త నిధులు అక్కరలేదు. వ్యవసాయ, వృత్తి పదాలమీద మాండలిక పరిశోధన చేస్తున్నవారు ప్రశ్నావళుల తయారీలో ఒక పూట కూర్చుంటే చాలు. ఎం.బి.ఏ. పర్యవేక్షకులు వారిని పిలవాలి. పిలవకపోయినా వెళ్లవచ్చు.

స్లేటర్ పల్లెలలో కొన్నింటిని పి.జె. థామస్, కె.సి. రామకృష్ణన్‌లు తిరిగి సర్వే చేయించి 1940లో గ్రంథం వెలువరించారు. మొదటి లెక్కలు చేతికందేలా ఉన్నాయి గనుకనే పోల్చి చూడటం వీలైంది. గోరంట్ల పల్లెలను ఎవరైనా 2040లో మళ్లీ సర్వే చేయబూనితే, కళాశాల గ్రంథాలయాల అటకల మీద అట్ట చెదరని నివేదికలు దొరకవచ్చు. వాటిలో 24 శాతం అని ఉంటుంది. రెండు రూపాయల వడ్డీ అని ఉండదు.