డ్రిల్లు వరుసల నుండి ఆటల మైదానానికి

అక్షరాభ్యాసానికి ఉన్నట్లే అవయవాల అభ్యాసానికీ ఒక చరిత్ర ఉంది. కన్ను చూచినదానిని చేయి అందుకోవడం, పరుగులో తూకం తప్పకపోవడం, ఎగిరి నేలపై నిలదొక్కుకోవడం – వీటినే శరీర సమన్వయం అంటున్నాము. ఇది ఆడగా ఆడగా అలవడే విద్య. మన పాఠశాల డెబ్బై ఐదేళ్ళు పూర్తి చేసుకొన్న ఈ శుభవేళ ఆ విద్య నడచివచ్చిన దారిని స్మరించుకోవడం సముచితం.

బ్రిటిషు పాలనలో బడి వ్యాయామమంటే ప్రధానంగా డ్రిల్లే. ఆజ్ఞ వినగానే అందరూ ఒకే తీరున కాళ్ళూ చేతులూ కదపాలి. క్రమశిక్షణ అలవడేది గాని, వచ్చే బంతిని బట్టి అడుగు మార్చుకొనే అవసరం కలిగేది కాదు. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించి ఆటలకు పెద్దపీట వేశారు. అక్కడ శిక్షణ పొందిన ఉపాధ్యాయులు ఆ దృష్టిని బడులకు తీసుకువెళ్ళారు.

ఒక్కొక్క ఆట ఒక్కొక్క నేర్పునిస్తుంది. వాలీబాల్‌లో బంతి ఎక్కడ దిగుతుందో ముందే ఊహించి సమయానికి ఎగరాలి. చెడుగుడులో కూత ఆపకుండానే పక్కలకు, వెనుకకు చురుకుగా కదలాలి. తమిళనాట ప్రాచుర్యం పొందిన బాల్ బాడ్మింటన్‌లో ఉన్ని బంతి నేలను తాకకముందే మణికట్టు తిరగాలి. ఆ ఆటలో 1970 సంవత్సరపు అర్జున పురస్కారం పొందిన జె. పిచ్చయ్య గారు తెలుగువారు కావడం మనకు గర్వకారణం.

శాస్త్రమూ ఈ వైవిధ్యాన్నే సమర్థిస్తున్నది. 1920లలో మాస్కోలో నికొలాయ్ బెర్న్‌స్టీన్ సుత్తి దెబ్బలు వేసే కార్మికుల కదలికలను చిత్రించి పరిశీలించారు. దెబ్బ గురి తప్పకున్నా, చేయి నడిచిన దారి ప్రతిసారీ కొంత వేరుగానే ఉన్నది. అంటే నేర్పు యాంత్రికమైన పునరావృత్తి వల్ల రాదు. మారే పరిస్థితికి తగినట్లు సర్దుకోవడం వల్ల వస్తుంది. 1974లో పశ్చిమ జర్మనీలో కీఫార్డ్, షిల్లింగ్ బాలల సమన్వయాన్ని కొలిచే పరీక్ష రూపొందించారు. సన్నని దూలంపై వెనుకకు నడవడం, ఒంటికాలిపై అడ్డంకి దాటడం, పక్కలకు గెంతడం అందులోని అంశాలు. మన ఆడపిల్లలు వాకిళ్ళలో ఆడుకొన్న తొక్కుడుబిళ్ళలోనూ ఆ ఒంటికాలి నేర్పే ఉన్నది కదా!

కనుక చిన్న వయస్సులో బిడ్డను ఒకే ఆటకు కట్టివేయక పలు ఆటలు ఆడనివ్వాలి. 5 నుండి 17 ఏళ్ళవారికి రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. కాని పదవ తరగతి రాగానే ఆటల పీరియడు లెక్కలకు మారిపోతున్నది; పెద్దదైందని ఆడపిల్లను మైదానానికి దూరం చేస్తున్నారు. డ్రిల్లు వరుసల నుండి మైదానానికి రావడానికి మన బడులకు ఎంతో కాలం పట్టింది. తల్లిదండ్రులారా, ఆ మైదానాన్ని పిల్లలకు మిగల్చండి. పూర్వ విద్యార్థులారా, అది కట్టడాలకు బలి కాకుండా మాతో నిలవండి.