మనస్సును గూర్చిన చదువు



బొంరాస్‌పేటవంటి గ్రామములో ఇంటరు ముగించిన ఒక ఆడబిడ్డ, "నాయనా, నేను బి.ఏ.లో సైకాలజీ చదువుతాను" అని అడిగినదనుకొందము. తండ్రి ఏమనును? "పిచ్చివాండ్ల చదువు మనకెందుకు బిడ్డా?" అనును. ఆయనను నిందింపనేల? ఈ చదువు ఎక్కడ పుట్టి మనవరకు ఎట్లు వచ్చినదో ఆయనకు చెప్పినవారెవరు? ఆ చరిత్రను కొంచెము తెలిసికొందము.

పూర్వము మనస్సును గూర్చిన విచారణ తత్త్వశాస్త్రములో ఒక భాగముగా నుండెను. 1879లో జర్మనీ దేశమందలి లైప్‌జిగ్ పట్టణమున విల్‌హెల్మ్ వుంట్ అను పండితుడు దానికొక ప్రయోగశాలను ఏర్పరచెను. ఈయన ఒక పాదిరిగారి కుమారుడు. చప్పుడు విన్నది మొదలు మీట నొక్కువరకు మనిషికెంత కాలము పట్టునో అక్కడ కొలిచి చూచిరి. 1885లో ఎబింగ్‌హౌస్ అను మరియొకరు అర్థములేని అక్షరములను తామే కంఠస్థము చేసి, నేర్చినది మొదట వేగముగాను, పిమ్మట మెల్లగాను మరపునకు వచ్చునని కనుగొనిరి. ఒక్క రాత్రిలో బట్టీ పట్టుటకంటె దినదినము కొంత చదువుట మేలని దీనివలన తెలియుచున్నది. 1905లో ఫ్రాన్సు దేశమున బినే, సిమోన్ అనువారు, బడిలో వెనుకబడిన పిల్లలను గుర్తించి వారికి తోడ్పడుటకై ఒక పరీక్షను సిద్ధపరచిరి. చూచితిరా? ఇది పిచ్చివారిని గూర్చిన చదువు మాత్రమే కాదు. చదువుకొను ప్రతి బిడ్డను గూర్చినదియు నైయున్నది.

మన దేశములో 1916లో కలకత్తా విశ్వవిద్యాలయము ఈ శాస్త్రమునకు ప్రత్యేక శాఖను తెరచెను. అమెరికాలోని హార్వర్డులో చదివి వచ్చిన నరేంద్రనాథ్ సేన్‌గుప్తగారు దానిని నడిపిరి. 1924లో మైసూరులోను ఇట్టి శాఖ వెలసెను. అక్కడి ఆచార్యులు గోపాలస్వామిగారే 1935లో ఆకాశవాణి అను రేడియో కేంద్రమును నెలకొల్పిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయములో 1967లో కోనేరు రామకృష్ణారావుగారు ఈ శాఖను స్థాపించిరి. ఆయనయు మొదట తత్త్వశాస్త్రము చదివినవారే.

మరి మన ప్రాంతము మాటేమి? బొంరాస్‌పేట పరిసరములు నాడు నిజాము రాజ్యములోనివి. 1918లో హైదరాబాదున ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయములో బోధన ఉర్దూలో జరిగెను. తెలుగు పల్లెబిడ్డకు భాషయే ఒక గోడ. నేడు ఉర్దూ స్థానమున ఇంగ్లీషు నిలిచినది. ఈ శాస్త్రపు గ్రంథములలో పెక్కు ఆ భాషలోనివే. అందుచేత మన బిడ్డలు తొలి యేడాది తడబడుదురు. అది బుద్ధి లోపము కాదు.

ఇంకొక సంగతి ముందే చెప్పవలెను. మూడేండ్ల డిగ్రీలో ప్రయోగములు, లెక్కలు, పిల్లల యెదుగుదల మొదలగునవి నేర్తురు గాని, డిగ్రీతోనే రోగులకు చికిత్స చేయ వీలులేదు. అందుకు 1992 నాటి చట్టము ననుసరించి, భారత పునరావాస మండలి గుర్తించిన పై శిక్షణ పొంది పేరు నమోదు చేయించుకొనవలెను. డిగ్రీ గుమ్మమే గాని ఇల్లు కాదు. ఇది తెలియక చేరినవారు తరువాత నిరాశపడుదురు.

అయినను అవసరము గొప్పది. మానసిక చికిత్స పొందుట ప్రజల హక్కని 2017 నాటి చట్టము చెప్పుచున్నది. 2022లో 14416 అను ఉచిత ఫోను సహాయము ఆరంభమైనది. అప్పుల దిగులుతో నిద్రలేని రైతు, కాన్పు తరువాత ఊరక ఏడ్చు తల్లి, తమ బాధను తమ మాటలోనే చెప్పుకొందురు. ఆ మాట యెరిగి వినువారు ఎక్కడనుండి రావలెను? మన పల్లెలనుండి గాదా?

కాబట్టి ఓ తండ్రీ, నీ బిడ్డ అడిగినప్పుడు వద్దని త్రోసివేయకుము. ఎన్నేండ్లు పట్టును, ఎంత ఖర్చగును, తరువాత ఏమి చదువవలెను అని ఆమెతో కూర్చుండి లెక్క వేయుము. ఆ తరువాత నిర్ణయింపుము.