కుక్కయిన మగవాడు, కొడుకైన ఆడపిల్ల

మా ఊళ్లో తోడేలంటే దయ్యం కాదు. గొర్రెని ఎత్తుకుపోయే జంతువు, అంతే. ఎమ్మిగనూరు చుట్టూ నల్లరేగడి చేలల్లో మందలు తోలుకొచ్చే కురుబవాళ్ల కంబళ్ల వాసన మధ్య పెరిగినదాన్ని. "తోడేలొస్తాది, పండుకోమే" అని మా అవ్వ బెదిరించేది గానీ, అది మనిషవుతుందని ఎన్నడూ చెప్పలేదు. మనిషి తోడేలయ్యే కథలు నేను ఇంగ్లీషులో చదివాను, అదీ చాలా ఆలస్యంగా. అప్పట్నుంచీ ఒక ప్రశ్న నా వెంటపడింది. ఈ కథల్లో తోడేలైన ఆడది ఒక్కతైనా ఇల్లు చేరుతుందా?

చరిత్రలోకి వెళితే సంగతి ఇంకా చేదుగా ఉంటుంది. 1589లో జర్మనీలో, కొలోన్ దగ్గరి బెడ్‌బర్గ్‌లో పీటర్ స్టంప్ అనే రైతును చిత్రహింసలు పెట్టి, తోడేలుగా మారి మనుషుల్ని చంపానని ఒప్పించి, చంపేశారు. మరుసటి ఏడే లండన్‌లో ఆ వృత్తాంతం పుస్తకంగా అచ్చయింది. ఆ కథ చెప్పేవాళ్లు ఆయన పేరు తలుచుకుంటారు గానీ, ఆయనతో పాటు కూతుర్నీ, ఆయనతో ఉంటున్న స్త్రీనీ కూడా చంపేశారన్న మాట ఒక్క వాక్యంలో దాటేస్తారు. వాళ్లు తోడేళ్లయ్యారని ఎవరూ అనలేదు. అతనికి సంబంధించిన ఆడవాళ్లు కావడమే వాళ్ల నేరం.

తర్వాత వచ్చిన భయానక కథలు ఈ పాత విచారణల బూడిదలోంచే పుట్టాయి. 1839లో మారియట్ రాసిన కథలో తోడేలు ఒక సవతితల్లి. భర్త చేతిలో చస్తుంది. 1896లో క్లెమెన్స్ హౌస్‌మన్ పుస్తకంలో తెల్లటి బొచ్చుతోలు తొడిగి, గొడ్డలి పట్టి, మగవాళ్లను మించి పరుగెత్తే అందగత్తె వస్తుంది. ఆమే తోడేలు. హౌస్‌మన్ మామూలు రచయిత్రి కాదు. ఆడవాళ్ల ఓటుహక్కు కోసం 1909లో చిత్రకారుల సంఘం పెట్టినవాళ్లలో ఒకరు. ఓటు లేనప్పుడు పన్నెందుకు కట్టాలని 1911లో జైలుకు పోయిన మనిషి. అంతటామె కూడా తన పరుగులరాణిని చివరికి చంపక తప్పలేదు!

వీటన్నిటిలో నన్ను నిద్రపోనివ్వనిది ఐనో కల్లాస్ 1928లో ఫిన్నిష్‌లో రాసిన నవల. పదిహేడో శతాబ్దపు ఎస్టోనియా దీవి దాని రంగస్థలం. అడవి కాపరి భార్య ఆలో పగలు ఇల్లు చక్కబెడుతుంది, రాత్రి తోడేళ్లతో పరుగెడుతుంది. ఆ పరుగులో ఆమెకు కలిగే సంతోషాన్ని కల్లాస్ ఏ మాత్రం దాచలేదు. ఊరు ఆమెను స్నానాల గదిలో పెట్టి కాల్చేస్తుంది. ఆ తర్వాత కూడా తిరిగే తోడేలును భర్త పెళ్లి ఉంగరం కరిగించి చేసిన వెండి గుండుతో కాలుస్తాడు. పెళ్లి ఉంగరంతో! 1979లో ఏంజెలా కార్టర్ కథలో పిల్ల తోడేలును చూసి నవ్వేసి, దాని పక్కనే హాయిగా నిద్రపోయేదాకా మనకు ఊపిరాడదు.

మరి మా వైపు రూపం మారడం లేదా? ఉంది. గొరవయ్యలున్నారు. ఎలుగుబంటి వెంట్రుకల టోపీ, నల్లకంబళి, గవ్వల పట్టీ, చేతిలో డమరుకం, పిల్లనగ్రోవి. మైలారలింగడి భక్తులు. చిన్నప్పుడు మా అవ్వతో మైలారం జాతరకు పోయాను. అక్కడ గొరవయ్యలు మోకాళ్ల మీద వంగి, కుక్కల్లా మొరుగుతూ, దోణిలో పోసిన పాలూ అరటిపండ్లూ నోటితో అందుకుని తింటుంటే అవ్వ కొంగు పట్టుకుని ఏడ్చాను. అవ్వ మాత్రం చేతులెత్తి మొక్కింది. దేవుడి వేటకుక్కలు వాళ్లు. సాయంత్రానికి మూతి తుడుచుకుని, కంబళి దులుపుకుని, పెళ్లాం బిడ్డల దగ్గరికి పోతారు. ఆ మొరుగుడు వల్ల వాళ్ల మర్యాద పెరుగుతుందే గానీ తగ్గదు. నేనేమీ వాళ్లను తప్పుపట్టడం లేదు. ఆ తిరిగిపోవడాన్ని మాత్రం గుర్తు పెట్టుకున్నాను.

ఎందుకంటే అదే నేల మీద ఆడపిల్లకూ రూపం మార్చారు. 1953 దాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలోవి. ఎమ్మిగనూరు అప్పుడు ఆదోని తాలూకాలోనే ఉండేది. ఫాసెట్ అనే ఇంగ్లీషు అధికారి పందొమ్మిదో శతాబ్దం చివర బళ్లారి ప్రాంతపు బసివిల గురించి వ్యాసం రాస్తూ, దేవుడికి అంకితమై మగవాళ్ల హక్కులు పొందే స్త్రీలు అని శీర్షికలోనే చెప్పాడు. కొడుకులు లేని బోయ, మాదిగ ఇళ్లల్లో పిల్లను దేవుడికి విడిచేవాళ్లు. ఆమె పెళ్లి లేకుండా పుట్టింట్లోనే ఉండి, కొడుకులాగా ఆస్తి పొందుతుంది, తండ్రికి తలకొరివి పెడుతుంది. ఆమె బిడ్డలు తాత ఇంటివాళ్లవుతారు. హక్కులని ఫాసెట్ అన్నాడు, నిజమే. ఆ హక్కులకు బదులుగా ఆ పిల్ల ఒళ్లు ఊళ్లో ఎవరి పాలయిందో ఆ శీర్షికలో లేదు. 1947లో మద్రాసు చట్టం, 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టం ఈ అంకితాలను నిషేధించాయి. రెండోది రావడానికి నలభై ఏళ్లు పట్టిందంటే, మొదటిది మా ఊళ్లలో ఎంత పనిచేసిందో ఊహించుకోవచ్చు.

ఆదోనిలో మా అత్తమ్మ వాళ్ల వీధిలో అలాంటి పెద్దామె ఉండేది. తండ్రి శవం ముందు నిప్పుకుండ పట్టుకుని నడిచిందట. ఎకరన్నర చేను ఆమె పేరుకు వచ్చింది. పేరంటాలకు మాత్రం ఎవరూ పిలిచేవాళ్లు కారు. నేను పెద్దయ్యాక ఒకరోజు మైలారం గొరవయ్యల మాట తీస్తే పకపకా నవ్వింది. "వాళ్లది పొద్దుగూకేదాకానే కదమ్మా" అంది. తర్వాత ఒత్తులు చేసుకుంటూ ఇంకేదో మాట్లాడింది. బిడ్డను బడిలో వేసినప్పటి సంగతి.

"నాయన పేరేమి" అని అయ్యవారు అడిగితే ఆమె తన తండ్రి పేరే చెప్పిందట. అయ్యవారు ఆమె మొహంలోకి ఒకసారి చూసి, అదే రాసుకున్నాడట.