ఎవరి నమ్మకం వారిది

నాగులచవితినాడు మా ముదినేపల్లిలో పుట్టలో పాలుపోసే ఇల్లాలిని "దేవుడున్నాడనడానికి రుజువేదమ్మా?" అని అడిగి చూడండి. "నా బిడ్డలు చల్లగా ఉండాలని పోసుకుంటున్నా, రుజువుతో నాకేం పని?" అంటుంది. నిజమే కదా అనిపిస్తుంది నాకు.

అలాగని దేవుడు లేడనుకునేవారి దీక్ష తక్కువదేం కాదు. బందరు హిందూ కళాశాలలో పాఠాలు చెప్పిన గోరాగారు, భార్య సరస్వతిగారితో కలిసి 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. తమ పెద్దమ్మాయి మనోరమను దళిత యువకుడు అర్జునరావుకు ఇవ్వదలిచారు. ఆ పెళ్లి సేవాగ్రాంలో జరిపిద్దామన్నారు గాంధీజీ. ఆయనకేమో రామనామమే ఊపిరి! అయినా పెళ్లితంతులో "దేవుని పేరిట" అనేచోట "సత్యం పేరిట" అనడానికి ఒప్పుకున్నారు. 1948 జనవరి 30న ఆయన హత్యకు గురయ్యారు. మార్చి 13న పెళ్లి సేవాగ్రాంలోనే జరిగింది.

ఆయన రాముణ్ణి వదల్లేదు; గోరాగారు దణ్ణం పెట్టలేదు. అయినా పెళ్లి ఆగలేదు. మరి మనిళ్లలో? కోడలు పూజ చెయ్యదని అత్తగారికి, అత్తగారి మడి చాదస్తమని కోడలికి ఎన్ని అలకలో! ఒకరి దీపం ఇంకొకరు వెలిగించనక్కర్లేదు. ఆర్పకుండా ఉంటే చాలదూ?