విశాఖ పన్ను వివాదం: కంపెనీ వ్యక్తే గాని పౌరుడు కాదు

గుడి మాన్యాలు దేవుడి పేరనే ఉండటం, వాటి కోసం దేవుడి తరఫున దావాలు నడవడం తెలుగునాట అందరూ ఎరిగినదే కాబట్టి, రక్తమాంసాలు లేని వ్యక్తిని చట్టం గుర్తించడం ఇక్కడ కొత్త సంగతి కాదు. ఆస్తి కలిగి, తన పేర దావా వేయగల ఇలాంటి అస్తిత్వాన్ని న్యాయిక వ్యక్తి అంటారు. కంపెనీ వేరు, దాని వాటాదారులు వేరు అని 1896లో సాలమన్ కేసులో ఇంగ్లండు ప్రభువుల సభ స్థిరపరచిన సూత్రాన్నే భారతీయ న్యాయస్థానాలూ అనుసరించాయి. అయితే ఆ వ్యక్తికి పౌరుడి హక్కులు కూడా దక్కుతాయా అన్న ప్రశ్నను సుప్రీంకోర్టు సూటిగా ఎదుర్కొన్నది ఒక అమ్మకపు పన్ను వివాదంలో.

విశాఖపట్నం వాణిజ్య పన్నుల అధికారి విధించిన పన్నును సవాలు చేస్తూ ప్రభుత్వ కంపెనీ అయిన స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్ళి, రాజ్యాంగంలోని 19వ అధికరణం ఇచ్చే వ్యాపార స్వేచ్ఛ తనకూ ఉందని వాదించింది. దాని వాటాలన్నీ రాష్ట్రపతి పేర, ఇద్దరు ప్రభుత్వ కార్యదర్శుల పేర ఉండేవి. చట్టం ముందు సమానత్వాన్ని ఏ వ్యక్తికీ నిరాకరించరాదని 14వ అధికరణం అంటుండగా, 19వ అధికరణం మాత్రం పౌరులనే పేర్కొంటుంది. పైగా 1955 నాటి పౌరసత్వ చట్టం వ్యక్తి అన్న పదానికిచ్చిన నిర్వచనంలోంచి కంపెనీలను తొలగించింది. వీటిని ఆధారం చేసుకొని ప్రధాన న్యాయమూర్తి బి.పి. సిన్హా నాయకత్వంలోని తొమ్మిది మంది సభ్యుల ధర్మాసనం 1963లో, ఇద్దరు విభేదించగా, కంపెనీ పౌరుడు కాదని తీర్పునిచ్చింది. 1886లో శాంటా క్లారా కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఈ విషయంపై తీర్పులో చర్చే చేయకుండా, విముక్తులైన బానిసల రక్షణకు తెచ్చిన 14వ సవరణను కంపెనీలకూ వర్తింపజేసిన తీరుతో పోలిస్తే, ఇక్కడ జరిగిన విచారణ ఎంతో నిజాయితీగలది.

అయితే వ్యక్తికీ పౌరుడికీ మధ్య ఈ తీర్పు గీసిన గీత పూర్తిగా నిలవలేదు. 1963లో విభేదించిన వారిలో ఒకరైన జస్టిస్ జె.సి. షా, 14 బ్యాంకుల జాతీయీకరణను సవాలు చేసిన కూపర్ కేసులో 1970లో మెజారిటీ తీర్పు రాస్తూ, కంపెనీతోపాటు వాటాదారు హక్కుకూ భంగం కలిగితే అతడు కోర్టుకు రావచ్చని అంగీకరించారు. న్యూస్‌ప్రింట్ కోటాలను, పత్రికల పుటలపై పరిమితిని ప్రశ్నించిన బెనెట్ కోల్‌మన్ కేసులోనూ 1972లో ఇదే దారి అనుసరించారు. పత్రిక ద్వారా మాట్లాడేది మనుషులే గనుక, అది న్యాయమైన సడలింపే. అప్పటినుంచి 19వ అధికరణం కింద కోర్టుకెక్కే కంపెనీలు తమతోపాటు ఒక వాటాదారునో డైరెక్టరునో పిటిషనరుగా చేర్చుకోవడం పరిపాటి అయింది.